మూడు మెట్లు: పోలియో కాలు, అరిగిన మోకాలు, 116 కిలోల బరువు

ఇది నరసాపురం, పాలకొల్లు వైపు ఒక పల్లెలో ఉండే ఆవిడ కేసు. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. బరువు, రక్తపరీక్షలు, మందుల మోతాదులు మాత్రం కేస్ షీట్‌లో ఉన్నవే.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. లావుతో పాటు షుగరో బీపీయో ఉన్నవాళ్లను రోజూ చూస్తుంటాను. "అన్నం తగ్గించండి, రోజూ అరగంట నడవండి" అని చెప్పి పంపడం ఏళ్ల తరబడి నాకు అలవాటు. నడవలేని మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మాటలో సగం పనికిరాదు. మిగతా సగం కూడా నేను సరిగ్గా చెప్పడం లేదని ఈ కేసులోనే తెలిసింది.

నేపథ్యం

వయసు యాభై దాటింది. రెండో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. అప్పటికి ఆ పల్లెలకు పోలియో చుక్కలు రాలేదు. సహజంగా వ్యాపించే పోలియో వైరస్‌తో మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. మన దేశంలో పోలియో లేదని 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించాక ఆ జబ్బు గురించి మాట్లాడుకోవడమే మానేశాం. కానీ చిన్నప్పుడు దాని బారిన పడ్డవాళ్లు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. మిగిలిన మంచి కాలు, రెండు భుజాలు ఇన్నేళ్లూ తమ వంతుకు మించి పనిచేసి అరిగిపోయే వయసు ఇది.

ఆవిడ ఎడమ తొడ ముందు కండ బలం ఐదుకి ఒకటి. కండ బిగిసినట్టు చేతికి తగులుతుంది గానీ కాలు లేవదు. ఇలాంటివాళ్లు అడుగు వేసేటప్పుడు అరచెయ్యి తొడ మీద, మోకాలికి కాస్త పైన ఆనించి వెనక్కి నొక్కుతారు. అలా నొక్కితేనే మోకాలు మడత పడకుండా నిలుస్తుంది. మన ఊళ్లలో ఈ నడక చూడనివాళ్లుండరు. ఆవిడ ఇలాగే నడిచి బడికి వెళ్లారు, పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు పిల్లల్ని పెంచారు. భర్త కౌలు రైతు. కొడుకు రొయ్యలు కొనే వ్యాపారి దగ్గర పనిచేస్తాడు. ఆవిడ ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఎందరో చేసే లేసు అల్లిక పని చేస్తారు. పొద్దున టీ తాగి దారం కండె పట్టుకుంటే మళ్లీ లేచేది అన్నానికే.

పెళ్లినాటికి 50 కిలోల లోపే ఉండేవారట. రెండో కాన్పు తర్వాత 70. తర్వాత ఏడాదికి కిలో, రెండు కిలోల చొప్పున పెరుగుతూ వచ్చారు. 90 దాటాక పొట్ట అడ్డొచ్చి వంగడం కుదరలేదు, చెయ్యి తొడ మీదికి అందడం మానేసింది. నడక అక్కడ పోయింది. ఈ సంగతి నేను అడిగేదాకా ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. "నడవదు కాబట్టి లావైపోయింది" అనే మాటే ఇంట్లోనూ ఆసుపత్రుల్లోనూ విన్నారు. నిజానికి ముందు పెరిగింది బరువు, ఆ తర్వాతే నడక పోయింది.

ఏ సమస్యతో వచ్చారు

కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. చేతిలో ఎముకల డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది. కుడి మోకాలు, అంటే మంచి కాలి మోకాలు, పూర్తిగా అరిగిపోయింది. కీలు మార్చాలి. కానీ ఈ బరువుతో ఆపరేషన్ చేస్తే పుండు మానకపోవడం, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు ఎక్కువ. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు చూసే లెక్క) 40 లోపుకి తెచ్చుకుని రమ్మన్నారు. ఆవిడ ఎత్తు 154 సెంటీమీటర్లు. ఆ లెక్కన 95 కిలోల లోపుకి రావాలి.

కొడుకు ముఖం చూస్తే జాలేసింది. "ఆపరేషన్ అవ్వాలంటే బరువు తగ్గాలంటారండి. తగ్గాలంటే నడవాలంటారు. నడవాలంటే ఆపరేషన్ అవ్వాలి కదండి. మరి మేం ఏ చివర పట్టుకోవాలండి?"

షుగర్ పదేళ్లుగా ఉంది. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8.6. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. రెండు పూటలా. బీపీకి రెండు మందులు. కాళ్ల మంటలకు ప్రెగాబాలిన్. థైరాయిడ్, కిడ్నీ మామూలుగానే ఉన్నాయి. రాత్రి గురక, పగలు కునికిపాట్లు.

ఈ మందుల జాబితాలోనే రెండు శత్రువులున్నాయి. గ్లిమెపిరైడ్ బరువు పెంచుతుంది, ప్రెగాబాలిన్ కూడా పెంచుతుంది. బరువు తగ్గించాలని వచ్చిన మనిషికి ఆహారం గురించి మాట్లాడే ముందు మందుల సంచి బల్ల మీద పోయించి చూడాలి. నేను చూశాననే అనుకున్నాను.

చివర్లో ఒక ప్రశ్న అడిగాను. బరువు తగ్గితే మీకేం కావాలమ్మా అని. మోకాలి నొప్పి పోవాలంటారేమో అనుకున్నాను. కొడుకుని బయటికి వెళ్లమని, తలుపు మూశాక చెప్పారు. "దొడ్లోకి మూడు మెట్లండి. కోడలు పట్టుకుంటే గానీ దిగలేను. పాపం ఆ పిల్ల ఏమీ అనదు. రాత్రిళ్లు లేపలేక మంచినీళ్లు తాగడం మానేశానండి."

ఆ మాట కేస్ షీట్ పైన, బరువు రాసే గడి పక్కనే రాసుకున్నాను. అక్కడి నుంచి తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఆ మూడు మెట్లే కొలబద్ద.

అంతకు ముందు ఏం చేశారు

మూడేళ్ల కిందట ఎవరో చెప్పగా విని, అన్నం పూర్తిగా మానేసి ద్రవాల మీద, కొబ్బరినూనె మీద ఉన్నారు. ఐదు వారాల్లో 11 కిలోలు తగ్గారు. షుగర్ మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకున్నారు. గ్లిమెపిరైడ్ తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. ఒకరోజు తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోతే బెల్లం నోట్లో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. డైట్ పడలేదని మానేశారు. నాలుగు నెలల్లో 13 కిలోలు పెరిగారు.

ఇందులో నన్ను ఎక్కువ ఆపిన వివరం వేరే ఉంది. ఆ డైట్‌కి ముందు గోడ పట్టుకుని మెట్లు ఒక్కరే దిగేవారట. డైట్ తర్వాత దిగలేకపోయారు. తిండి బాగా తగ్గించి, మాంసకృత్తులు తీసుకోకుండా వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మళ్లీ పెరిగినప్పుడు ఎక్కువగా వచ్చేది కొవ్వే. రెండు కాళ్లూ బాగున్నవాళ్లకు అది తెలియకుండా జరిగిపోతుంది. పోలియో మనిషి దగ్గర నిలబడ్డానికి ఉన్నదే కాస్త కండ. ఆ కాస్తా పోతే తిరిగి తెచ్చుకోవడం మామూలు మనిషి కంటే చాలా కష్టం.

అందుకే మొదటి నిర్ణయం వేగం గురించి: వారానికి అర కిలో మించి తగ్గనివ్వకూడదు. రెండో నిర్ణయం, బరువుతో పాటు ఇంకో కొలత పెట్టుకోవడం. కుర్చీ చేతులు పట్టుకుని ఎవరి సాయం లేకుండా ఎన్నిసార్లు లేవగలరో ప్రతిసారీ లెక్కపెడతాం. బరువు తగ్గి ఆ లెక్క కూడా తగ్గితే ఏదో తప్పు జరుగుతోందన్నమాట. మొదటిరోజు మామూలు కుర్చీలోంచి సున్నా. నాలుగు అంగుళాలు ఎత్తు చేస్తే ఒకటి.

బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి పొట్టకి చేసే ఆపరేషన్ గురించి కూడా మాట్లాడాను. ఆవిడ బీఎంఐకి, షుగర్‌కి అది సూచించదగ్గదే, చెప్పకుండా దాచడం తప్పవుతుంది. ఆవిడ వద్దన్నారు. మత్తుమందు భయం, ఖర్చు రెండూ కారణాలే. నేను బలవంతం చేయలేదు.

మొదటి ప్లాను

రోజుకు 1,300 కేలరీలు, 75 గ్రాముల మాంసకృత్తులు. ఆవిడ కదలికలు, కండ తక్కువ కాబట్టి ఖర్చయ్యేది 1,850 దగ్గర ఉంటుందని నా అంచనా. అన్నం తగ్గించిన రోజే గ్లిమెపిరైడ్ సగం చేశాను. ఫిజియోథెరపిస్టు కూర్చుని చేసే వ్యాయామాలు నేర్పారు. నీళ్లలో చేయిస్తే మోకాలికి మంచిదని చాలా ఆలోచించాం. చుట్టూ ఇన్ని కాలువలు, ఇన్ని చెరువులు ఉన్న చోట ఒక పోలియో మనిషి భయం లేకుండా నీళ్లలో దిగి పైకి రాగలిగే చోటు ఒక్కటి దొరకలేదు. పట్టణంలో ఈతకొలను ఉంది, కానీ దిగేది ఇనుప నిచ్చెన మీద. ఆ ఆలోచన వదిలేశాం.

ఏడు వారాలకు తగ్గింది 1.1 కిలోలు.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఏదో తింటున్నారని అనుమానించాను. పైకి అనలేదు గానీ నా ప్రశ్నల్లో అది తెలిసిపోయింది. "ఏమీ తినట్లేదండి" అని ఆవిడ మూడుసార్లు చెప్పి, నాలుగోసారి తలదించుకుని ఊరుకున్నారు. మా దగ్గర లావుగా ఉన్నవాళ్లు ఇలా తలదించుకోవడం రోజూ చూస్తాం. చూసి చూసి అది ఒప్పుకోలు అని మనమే అనుకుంటాం.

పొట్లం

ఆరోజు వెళ్లబోతూ లేసు సంచిలోంచి కళ్లజోడు తీస్తుంటే, దారం కండెల మధ్య నుంచి న్యూస్‌పేపర్ పొట్లం కిందపడింది. నర్సు తీసిచ్చింది. ఏంటమ్మా ఇది అంటే "నొప్పులకండి" అన్నారు. విప్పితే నాలుగు రకాల మాత్రలున్నాయి: ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి పెద్ద తెల్లది, ఒకటి కందిగింజలో సగం ఉండే చిన్న తెల్లది. పక్క ఊళ్లో చికిత్స చేసే ఒకాయన ఇస్తాడట. మూడేళ్లుగా రోజూ రెండు పూటలా వేసుకుంటున్నారు. మందులేం వాడుతున్నారని నేను అడిగినప్పుడు ఇది చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ లెక్కలో మందులంటే షుగర్‌వి, బీపీవి. ఇది పొట్లం.

ఆ చిన్న మాత్ర ఏ స్ట్రిప్‌లోదో ఆయన దగ్గర చూసి ఫోటో తీసుకు రమ్మని కొడుకుని పంపాను. నేను అనుకున్నదే. చిన్నది డెక్సామెథసోన్ 0.5 మి.గ్రా., అంటే స్టెరాయిడ్. రోజుకు రెండు.

అన్నీ ఒకచోటికి వచ్చాయి. గుండ్రటి ముఖం, పొట్ట మీద వంకాయ రంగు చారలు, ముంజేతి మీద చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు. ఇవన్నీ మొదటిరోజే నా కళ్లెదుట ఉన్నాయి, లావు వల్ల అనుకుని దాటేశాను. ఆకలి పెంచేది, షుగర్ పెంచేది, పొట్ట చుట్టూ కొవ్వు చేర్చేది, తొడ కండని కరిగించేది ఒకే మందు. డైట్ మీద కోపం తెచ్చుకుని ఏం లాభం?

వెంటనే ఆపించలేదు. ఇది చదివేవాళ్లలో ఇలాంటి పొట్లాలు వాడేవాళ్లుంటే దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీ ఆపేస్తుంది. ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆవిడ ఉదయపు కార్టిసాల్ పరీక్షలో చాలా తక్కువ వచ్చింది. డెక్సామెథసోన్ బదులు ప్రెడ్నిసలోన్ 7.5 మి.గ్రా. పొద్దునపూట ఒక్కసారి ఇచ్చి, రెండు నెలల్లో 5కి తెచ్చి, అక్కడి నుంచి నెలకు ఒక మి.గ్రా. చొప్పున తగ్గించాం. జ్వరం, వాంతులు వస్తే ఏం చేయాలో ఒక కార్డు మీద రాసిచ్చి దేవుడి పటం పక్కన అంటించమన్నాను. పూర్తిగా మానడానికి ఏడు నెలలకు పైనే పట్టింది. పొట్లంలోని నొప్పి మాత్రలు మాత్రం కిడ్నీ, బీపీ దృష్ట్యా ఆరోజే ఆపాం.

నొప్పి పెరుగుతుందని ముందే చెప్పాను, పెరిగింది. పారాసెటమాల్, పైన రాసే జెల్, కాపడం. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మంచం కోళ్ల కింద, కుర్చీ కింద పెట్టిన చెక్క దిమ్మలు. ఎత్తులోంచి లేస్తే మోకాలి మీద పడే భారం తక్కువ. వడ్రంగి గంటలో చేసిపెట్టాడు.

అన్నం లెక్క

స్టెరాయిడ్ తగ్గుతుండగానే ఆకలి తగ్గింది. అప్పుడు గానీ ఆహారం గురించి నిజంగా మాట్లాడలేకపోయాను. ఈసారి ఆవిడను కాకుండా ఇంట్లో వండే కోడల్ని అడిగాను. ఏం తింటారు అని అడగడం మానేసి, నెలకు ఇంట్లోకి ఏమేం వస్తాయని అడిగాను.

నలుగురు పెద్దవాళ్లకు నెలకు ఐదు ప్యాకెట్ల నూనె వస్తుంది. లీటరు ప్యాకెట్‌లో ఎనిమిది వేలకు పైగా కేలరీలుంటాయి. లెక్కేస్తే మనిషికి రోజుకు 340, అదీ కంటికి కనపడకుండా. లేసు పట్టుకుంటే టీలు ఆరేడు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చిక్కటి పాలతో ఆ టీలే 600 దాకా అవుతాయి. దొడ్లో నాలుగు చెట్లున్నాయి కాబట్టి కొబ్బరి లేని కూర లేదు, పచ్చడి లేదు. వంద గ్రాముల పచ్చికొబ్బరి 350 కేలరీలు. ఆవిడ ఏమీ తినట్లేదన్నది అబద్ధం కాదు. కంచంలో అన్నం నిజంగానే తగ్గించారు. మిగతావి ఎవరి లెక్కలోకీ రాలేదు.

కొడుక్కి ఇది చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు. "చెక్‌ట్రేలు చూడకుండా మేత వేసినట్టన్నమాటండి." రొయ్యల చెరువులో మేత ఎంత తిన్నాయో ఎవరూ ఊహించరు. వల వేసిన చిన్న పళ్లెం నీళ్లలో దించి, గంటా రెండు గంటలాగి పైకి తీసి, మిగిలింది చూసి మరుసటి మేత నిర్ణయిస్తారు. ఆ పోలిక నేను చెప్పిన కేలరీల కంటే బాగా పనిచేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆవిడ వాటా నూనె పొద్దున్నే చిన్న సీసాలో కొలిచి పక్కన పెట్టడం మొదలైంది. సీసా అయిపోతే ఆరోజుకి అంతే.

మార్పులు ఎక్కువ చేయలేదు. టీలు మూడు, పంచదార లేకుండా. మొదటి పది రోజులు ఆవిడకి చాలా కష్టమైంది. కొబ్బరి వారానికి రెండుసార్లు. అన్నం మధ్యాహ్నం ఒక కప్పు, రాత్రి అర కప్పు. ముందు కూర, చేప తిని తర్వాత అన్నం. పులుసులో వేసిన చెరువు చేప ముక్కలు, రోజుకు రెండు కోడిగుడ్లు, ముద్దపప్పు, మజ్జిగ. వంద గ్రాముల చేపలో దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. డెల్టాలో చేప దొరకని ఊరు లేదు, ఈ విషయంలో మన అదృష్టం పెద్దది. ఇగురు మానేసి పులుసు పెట్టమన్నది నూనె కోసమే. పులస కాలంలో అడిగారు, తినమన్నాను. ఏడాదికోసారి వచ్చే చేపని ఆపి సాధించేదేమీ లేదు.

మూడో నెలలో గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపాను. ప్రెగాబాలిన్ మెల్లగా తగ్గించి మాన్పించాం. ఎనిమిదో నెలలో లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ మందుల్లో ఒకటి తీసేశాను.

కాటా

బరువు చూడటమే ఒక సమస్య అని ముందు నాకు తట్టలేదు. మా క్లినిక్ కాటా మీద ఆవిడ ఒంటికాలి మీద నిలకడగా నిలబడలేరు, అంకె ఊగిపోతుంది. రైసు మిల్లులో చూపించుకొస్తారా అని మామూలుగా అడిగేశాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకసారి అలాగే తీసుకెళ్లారట. "బస్తాలు దించి నన్నెక్కించారండి. హమాలీలు చూస్తున్నారు." అప్పటి నుంచి ఎక్కడా బరువు చూసుకోలేదు.

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కొడుకు తన యజమానిని అడిగి, చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో వాడే ప్లాట్‌ఫారం కాటాల్లో పాతది ఒకటి ఇంటికి తెచ్చాడు. నిమ్మకాయతో రెండుసార్లు కడిగినా రొయ్యల వాసన పోలేదని కోడలు చెప్పింది. దాని మీద కుర్చీ పెట్టి, అంకె సున్నా చేసి, ఆవిడను కూర్చోబెట్టడమే. ఆదివారం పొద్దున, హాలు తలుపులు మూసి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లే. మొదటిసారి 116.4. అంకె ఆవిడకు చెప్పొద్దని, పుస్తకంలో రాసి నాకు ఫోన్‌లో పంపమని కోడలికి చెప్పాను. బరువు వారంలో కిలో, కిలోన్నర అటూ ఇటూ ఊగుతుంది, అందులో ఎక్కువ భాగం నీరే. ఆ ఊగుడికి ఆవిడ మనసు ఊగకూడదని నా ఉద్దేశం. నాలుగో నెలలో ఒకరోజు తనే తల వంచి అంకె చూసుకున్నారట. అక్కడి నుంచి తనే రాసుకుంటున్నారు.

చేతులు, కాలిపర్

వ్యాయామంతో బరువు తగ్గిస్తామని ఆవిడకు నేనెప్పుడూ మాటివ్వలేదు. కూర్చుని పది నిమిషాలు చేతులతో పెడల్ సైకిల్ తిప్పితే ఖర్చయ్యేది తక్కువే. వ్యాయామం కండ నిలుపుకోవడానికి, షుగర్ అదుపుకి. బరువు తగ్గేది కంచంలోంచే. ఈ రెండూ విడదీసి చెప్పాక ఆవిడలో పెద్ద టెన్షన్ పోయింది. నడవలేను కాబట్టి తగ్గలేను అనే నమ్మకం ఆవిడను ఇన్నేళ్లూ కట్టిపడేసింది.

మొదట్లో ఫిజియోథెరపిస్టు, నేను కలిసి ఉత్సాహంగా ఎక్కువ చేయించాం. మూడో వారానికి కుడి భుజం పట్టేసింది, రెండు రోజులు లేవలేకపోయారు. పోలియో తగిలిన శరీరంలో బతికిన నరాలు చాలా కండపోగుల్ని మోస్తుంటాయి. అలసిపోయేదాకా చేయిస్తే బలం రాకపోగా పోతుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం: పొద్దున చేసిన దాని అలసట మరుసటి పొద్దుటికి మిగిలితే అది ఎక్కువైనట్టు. మూడు నిమిషాలు తిప్పడం, మూడు నిమిషాలు విశ్రాంతి, అలా మూడుసార్లు. రోజు మార్చి రోజు రబ్బరు బ్యాండు. బలం ఒకటే ఉన్న ఎడమ తొడ జోలికి వెళ్లలేదు.

కాలిపర్, అంటే పోలియో కాలికి పట్టీలతో బిగించే ఆసరా విషయంలో ఓపిక పట్టాల్సింది, పట్టలేదు. రెండో నెలలోనే కొత్తది చేయించాం. తొమ్మిదో నెలకి తొడ సన్నబడి పట్టీలు వదులైపోయి, చర్మం ఒరిసి పుండు పడింది. ఆ డబ్బు, ఆ పుండు రెండూ తప్పించగలిగినవే. ముందు వాకర్‌తో సరిపెట్టి, 95 కిలోలకు వచ్చాక కొలత ఇవ్వాల్సింది. రెండోసారి అలాగే చేశాం.

ఆగిపోయిన మూడు నెలలు

ఆరు నెలలకు 107. పది నెలలకు 99.5. తర్వాత మూడు నెలలు ముల్లు కదల్లేదు.

కూతురు పురుటికి వచ్చింది. ఇంట్లో నెయ్యి, సున్నుండలు, చుట్టాలు. ఆ ఇల్లు ఆ మూడు నెలలు ఆవిడ చుట్టూ తిరగదు, తిరగకూడదు కూడా. నా ముందు రెండు దారులున్నాయి. తిండి ఇంకా తగ్గించమని చెప్పొచ్చు, లేదా పెరగకుండా చూసుకుంటే చాలని చెప్పొచ్చు. కుర్చీలోంచి లేచే లెక్క చూశాను: ఆరు. అంటే కండ నిలిచింది. తగ్గిన బరువు నిలబెట్టుకోవడం కూడా పనే అని చెప్పి, రెండోదే ఎంచుకున్నాం. 99, 100 మధ్య మూడు నెలలు గడిచాయి. అప్పుడు గట్టిగా పట్టుబట్టి ఉంటే ఆవిడ మొత్తం వదిలేసేవారని ఇప్పటికీ నా నమ్మకం.

మనవరాల్ని ఎత్తుకుని నడవాలని అడిగారు. ఒప్పుకోలేదు. స్టెరాయిడ్ వాడిన ఎముకలు, పోలియో కాలు, చేతిలో పసిపిల్ల. కూర్చుని ఒళ్లో వేసుకోమన్నాను. కొన్ని విషయాల్లో కాదు అనే చెప్పాలి.

పదిహేడో నెలలో 94.6. పొట్ట తగ్గి, చెయ్యి మళ్లీ తొడ మీదికి అందింది. దానికి వారం ముందే, ఒక రాత్రి కోడల్ని లేపకుండా గోడకు బిగించిన పట్టీ పట్టుకుని మూడు మెట్లూ దిగి, ఎక్కి వచ్చారు. మర్నాడు కోడలు ఫోన్ చేసి చెప్పింది. గొంతు పూడుకుపోయి నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు నేను వేరుగా చేస్తున్నవి

"ఏ మందులు వాడుతున్నారు" అని ఆపేయడం లేదు. నొప్పికి, నిద్రకి, నీరసానికి ఎవరైనా ఏమైనా ఇచ్చారా, పొట్లమైనా సూదైనా పొడైనా, అని విడివిడిగా అడుగుతున్నాను. ఆ తర్వాత ఇంకో మూడు పొట్లాలు బయటపడ్డాయి. బరువు తగ్గట్లేదంటే ముందు నా అంచనాను అనుమానిస్తున్నాను, తర్వాతే మనిషిని. నడవలేనివాళ్లకు కుర్చీ పెట్టే కాటా క్లినిక్‌లో ఒకటి కొన్నాను, అది కూడా లోపలి గదిలో. బరువు పక్కన లేచే లెక్క రాయడం అందరికీ మొదలుపెట్టాను. ముఖ్యంగా అరవై దాటినవాళ్లలో అది చాలా సంగతులు చెబుతోంది.

ఈ నెల

ఇరవై ఆరు నెలలకు 84.2 కిలోలు. బీఎంఐ 35.5. షుగర్ సగటు 6.3, మెట్‌ఫార్మిన్ ఒక్కటే. లేచే లెక్క పదకొండు. గురక తగ్గింది, పోలేదు. కిలో బరువు తగ్గితే అడుగు వేసేటప్పుడు మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 32 కిలోలంటే మోకాలికి ఎంత ఊరటో ఆలోచించండి. అయినా అరిగిన కీలు అరిగిందే, సాయంత్రానికి నొప్పి వస్తుంది.

ఎముకల డాక్టరు ఇప్పుడు ఆపరేషన్ చేస్తామన్నారు. మంచి కాలికి ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువంతా పోలియో కాలి మీద, భుజాల మీద పడుతుంది. దానికి భుజాలు సిద్ధంగా ఉన్నాయో లేదో ఫిజియోథెరపిస్టు చూస్తున్నారు. తేదీ దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక పెట్టుకుంటామన్నారు, అప్పటికి భర్తకి పొలం పని ఉండదు. సంక్రాంతికి కిలోన్నర పెరిగి, మళ్లీ కిలో తగ్గారు. కాటా యజమానికి తిరిగి ఇచ్చేయమంటారా అని కొడుకు అడిగాడు. ఇంకొన్నాళ్లు ఉంచమన్నాను.